టు లేని రిపోర్టు

కాగితం ఇచ్చి వెళ్ళిన ఆఫీసు బంట్రోతు సైకిలు వీధి మలుపు తిరిగి చాలాసేపయింది. నర్సమ్మ ఇంకా గుమ్మంలోనే ఉంది. కాగితాన్ని ముందు నిలబడి చదివింది, తర్వాత గడపమీద కూర్చుని చదివింది, మళ్ళీ లేచి వెలుతురు వైపు తిప్పి చదివింది. ఎలా చదివినా అందులో ఉన్నది అదే.

"తమ సంరక్షణలో ఉన్న పదకొండు మేకలూ కోలుకున్నాయని తమరే రాసి సంతకం చేసి పంపినందువల్ల, ఈ రోజు సాయంత్రం నాలుగు గంటలకు వాటిని సొంతదారుకు అప్పగించవలసినదిగా తెలియజేయడమైనది."

సొంతదారంటే ఎవరో కాదు, బావగారు. కట్టుకున్నవాడి స్వయానా అన్నగారు. ఊరి చివర ఇటుకల గోదాములో, తాళం పెట్టిన గదిలో ఆ మేకల్ని వారాల తరబడి పట్టించుకోకుండా వదిలేసిన పెద్దమనిషి. ఆరు వారాల కిందట పశువుల ఆఫీసువాళ్ళు తాళం పగలగొట్టేసరికి పదిహేడింట్లో పదకొండు మిగిలాయి. ఆ పదకొండూ ఇప్పుడు నర్సమ్మ పెరట్లో ఉన్నాయి.

ఆఫీసువాళ్ళ కొట్టంలో చోటు లేదన్నారు. పిల్లల వార్డులో ఇరవై రెండేళ్ళు చేసి, చిక్కి శల్యమైన పసివాళ్ళని చెంచాడు చెంచాడుగా నిలబెట్టిన మనిషి ఈవిడ తప్ప ఇంకెవరున్నారని పశువుల డాక్టరమ్మే తెచ్చి అప్పగించింది. తప్పు చేసినవాడి మరదలికే అప్పగించడమేమిటని ఆఫీసులో ఎవరో నసిగితే, నసిగేవాళ్ళని వచ్చి రోజుకి ఆరుసార్లు సీసాతో నీళ్ళు పట్టించమనండి అందిట డాక్టరమ్మ.

అవి కోలుకున్నాయట. మంచిదే. ఆ మాట వెళ్ళి అన్నిట్లోకీ బక్కదైన పీలికతో చెప్పాలి. కడుపు కింద గుడ్డ వేసి ఇద్దరు ఎత్తితేగాని పీలిక ఈ పొద్దుటికీ లేవలేదు.

ముందు గదిలో కుట్టుమిషను మాత్రం చప్పుడు చేస్తూనే ఉంది. బంట్రోతు తలుపు తట్టినప్పుడూ ఆగలేదు, పుస్తకంలో సంతకం పెట్టించుకున్నప్పుడూ ఆగలేదు. వీధిలో కుక్క మొరిగినా మెడలో టేపుతో గుమ్మంలోకి వచ్చి ఆరా తీసే టైలరు ఈ పూట తలెత్తలేదంటే అప్పుడే అనుమానం రావలసింది. నర్సమ్మకి రాలేదు. ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మొగుణ్ణి అనుమానించడం ఆమెకి అలవాటు లేని పని.

"ఏవండీ, ఇది చూశారా?"

"ఊఁ."

"ఊఁ అంటే?"

"చూస్తాను. ఈ కాలరు అవనీ."

"కాలరెక్కడికీ పోదు. మేకలు కోలుకున్నాయని రాసి పంపామట మనం."

అప్పుడు ఆగింది మిషను. టైలరు కళ్ళజోడు సర్దుకుని కాగితం అందుకున్నాడు. కింద గుచ్చిన రిపోర్టు నకలు కూడా తిప్పి చూశాడు. కొత్త గుడ్డకి మచ్చ ఎక్కడుందో వెతుకుతున్నవాడిలా చాలాసేపు చూశాడు.

"కోలుకుంటున్నాయి అనే కదా మనం అనుకున్నది," అన్నాడు చివరికి.

"నేననేదీ అదే."

"అయితే తొందరలో టు ఎగిరిపోయుంటుంది."

నర్సమ్మకి గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఇంతేనా అనుకుంది. మనిషన్నాక తొందరపడతాడు, తొందరలో అక్షరం తప్పుతుంది. తను మాత్రం తక్కువ తిందా.

ఆ ఇంట్లో రిపోర్టు రాసేది టైలరే. నర్సమ్మ చేతిరాత దేవుడికి కూడా అర్థం కాదు. వార్డులో ఒక చేత్తో బిడ్డని పట్టుకుని ఇంకో చేత్తో చార్టు గీకీ గీకీ, అక్షరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి నిద్రపోయినట్టుంటాయి. ప్రపంచం మొత్తమ్మీద ఆ రాత చదవగలిగింది ఒక్క టైలరే. పెళ్ళయిన కొత్తలో ఆమె ఉద్యోగం ఒక ఊళ్ళో, అతని మిషను ఒక ఊళ్ళో ఉన్న రెండేళ్ళూ ఆమె రాసిన ఉత్తరాలన్నీ కూడబలుక్కుని చదివి నేర్చుకున్న విద్య అది. మందుల షాపువాడు కూడా ఆవిడ చీటీ తెస్తే, మీ ఆయన్ని పంపమ్మా అనేవాడు.

అందుకని ప్రతి ఆదివారం ఒకటే పద్ధతి. పెరట్లో దూలానికి కాటా వేలాడేది. టైలరే దళసరి గుడ్డతో కుట్టిచ్చిన జోలెలో మేకని వేసి ఆమె బరువు చెప్పేది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని అతను గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. అంతా అయ్యాక గొంతు సవరించుకుని చదివి వినిపించేవాడు. ఆమె మేక మూతి తుడిచిన తడిచేత్తోనే సంతకం పెట్టేసేది. రాసింది ఎప్పుడూ చదవలేదు. విన్నది చాలు.

"ఒక్క అక్షరం పోయినందుకు మేకలు కదిలి పోవాలా? డాక్టరమ్మకి ఫోను చేస్తాను," అంది నర్సమ్మ.

"ఇప్పుడా? ఆవిడకి పనులుంటాయేమో."

"ఆవిడ పనే ఇది."

టైలరు కాలరు పని మళ్ళీ అందుకున్నాడు. పన్నెండేళ్ళ వయసు నుంచీ కాలర్లు కుడుతున్న మనిషి, ఆ కాలరు మాత్రం వంకరగా కుట్టాడు.

*

డాక్టరమ్మ ఒంటిగంటకి వచ్చింది. చెప్పులు గుమ్మం దగ్గర విడిచి తిన్నగా పెరట్లోకి వెళ్ళిపోయింది. కాగితాల కంటే ముందు మేకల్ని చూడటం ఆవిడ అలవాటు.

వరసగా పదకొండింటి వెన్నులూ వేళ్ళతో తడిమింది. గెడ్డమున్న పెద్దమేక, అందరూ జడ్జిగారని పిలిచేది, ఆవిడ కొంగు నమలబోయింది. నమలనిచ్చింది. కొత్త రుచి మీద ఆశ పుట్టిందంటే ప్రాణం మీద ఆశ పుట్టినట్టే అంది. పీలిక దగ్గర మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని కింది కనురెప్ప లాగి చూసింది. లోపల ఎర్రగా ఉండాల్సిన చోట ఇంకా పాలిపోయే ఉంది.

"ఎంతుంది ఇది?"

"వచ్చినప్పుడు పదమూడు కిలోలు. మొన్న ఆదివారానికి పదిహేనూ పావు," అంది నర్సమ్మ. "ఈ ఎత్తు మేక పాతికకి తగ్గకూడదు కదా. దాణా పిడికెడుకి మించితే కడుపుబ్బుతోంది. ఎండుగడ్డి, చిటికెడు దాణా, నీళ్ళు, మళ్ళీ ఎండుగడ్డి. మీరు చెప్పిన లెక్కలోనే పోతున్నాను."

"మరి కోలుకున్నాయని ఎలా రాశారండీ?"

"టు ఎగిరిపోయింది."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది, నవ్వు ఆపుకుని కాగితం చూసింది.

"ఆఫీసరుగారు నవ్వరు. కోలుకుంటే తిరిగిచ్చేయాలని రూలు. మీ కాగితమే సాక్ష్యం." ఆవిడ లేచి చేతులు కడుక్కుంది. "రెండే దారులున్నాయి. ఇది పొరపాటున పడిన మాటని, రాసినాయన సంతకంతో ఇవ్వాలి. అప్పుడు ఆర్డరు ఆగుతుంది, మేకలు ఇక్కడే ఉంటాయి. అలా కాకుండా ఎవరైనా కావాలని రాశారని తేలితే, అప్పుడూ ఆర్డరు ఆగుతుంది గానీ ఈ ఇంట్లో ఒక్క మేకనీ ఉంచలేను. చోటున్నా లేకపోయినా మా ఆఫీసు పెద్ద కొట్టానికి తోలాలి. రాసినవాళ్ళ మీద నోటీసు వెళ్తుంది, అది వేరే సంగతి."

"పెద్ద కొట్టంలో ఎంతమంది ఉన్నారు?"

"నలభై పశువులకి ఒక మనిషి." పీలిక వైపు చూడకుండా అంది డాక్టరమ్మ. "అదెందుకులెండి, పొరపాటేగా. పక్క వీధిలో ఆవు ఈనలేక అవస్థపడుతోంది, చూసొస్తాను. మూడున్నరకల్లా వస్తాను. మీవారిని ఒక వాక్యం రాసిపెట్టమనండి."

ఒక వాక్యం. అంతే కావలసింది.

*

నర్సమ్మ తెల్లకాగితం, పెన్ను తీసుకెళ్ళి మిషను బల్లమీద పెట్టింది. టైలరు వాటిని పక్కకి జరిపి కత్తెర అందుకున్నాడు.

"రాయండి మరి."

"రాస్తాలే."

"రాస్తాలే ఏమిటి, రెండున్నరయింది."

కత్తెర గుడ్డలో నడుస్తోంది. ఆమె కాగితాన్ని మళ్ళీ అతని ముందుకి జరిపింది. అతను మళ్ళీ పక్కకి జరిపాడు. చిన్నపిల్లల ఆటలా ఉందని నవ్వబోయి, అతని మొహం చూసి ఆగిపోయింది.

"ఏమయిందండీ?"

"వాళ్ళు తీసుకెళ్తామంటున్నారు. తీసుకెళ్ళనీ. ఎన్నాళ్ళని మనం మాత్రం," అన్నాడు టైలరు గుడ్డ వైపు చూస్తూ.

నర్సమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. రిపోర్టు నకలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఇన్నాళ్ళూ విన్న దాన్ని ఇప్పుడు మొదటిసారి వేలు పెట్టి చదివింది. టు ఒక్కటే పోయుంటే ముందున్న సున్నా మిగలాలి. సున్నా కూడా లేదు. పోనీ, రెండూ కలిసి ఎగిరాయనుకుందాం. ఇంకొకటి కూడా లేదే.

"నెమ్మదిగా అన్న మాటేది?"

"ఏమాట?"

"ఆదివారం నేను చెప్పాను కదా. కోలుకుంటున్నాయి అంటే చాలదు, నెమ్మదిగా అని చేర్చండి అన్నాను. చేర్చాను అన్నారు. చదివి వినిపించారు కూడా. నెమ్మదిగా కోలుకుంటున్నాయి అని, ఈ చెవులతో విన్నాను." నకలు అతని ముందు పెట్టింది. "ఇందులో అది లేదు. కాగితంలో లేని మాట మీరు ఎక్కడ చూసి చదివారు?"

కత్తెర ఆగింది.

పెరట్లోంచి జడ్జిగారు ఒక అరుపు అరిచి ఊరుకుంది. టైలరు కళ్ళజోడు తీసి తుడిచాడు, పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"అడుగుతున్నాను మిమ్మల్నే."

"అన్నయ్య అడిగాడు," అన్నాడు.

ఆమె నకలు మీంచి చెయ్యి తీసింది.

"కేసు మెడకి చుట్టుకుంటుందని భయపడుతున్నాడు. మేకలు తిరిగొస్తే మాఫీ అయిపోతుందని ఎవరో చెప్పారట. కాళ్ళావేళ్ళా పడ్డాడు. నాన్న పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. తన చదువు మానుకుని నాకు ఈ మిషను కొనిచ్చింది ఎవరు? వాడు అడిగితే కాదనమంటావా? చెప్పు, కాదనమంటావా?"

ఇది నర్సమ్మ ఊహించలేదు. కోపం వచ్చింది, దాని వెనకాలే జాలీ వచ్చింది. అటు అన్నగారు, ఇటు పెళ్ళాం, మధ్యలో ఈ మనిషి నలిగిపోయి ఉంటాడు. తనకి చెప్పలేక, ఆయన్ని కాదనలేక, అక్షరాలు మింగేశాడు. తప్పే. కాని మింగినవాడికి మాత్రం ఆ ముద్ద దిగి ఉంటుందా అనిపించింది.

"నాతో ఒక్కమాట అనుంటే బావగారితో నేనే మాట్లాడేదాన్ని కదండీ," అంది. గొంతు అప్పటికే మెత్తబడింది.

"నీతో ఎలా అనను."

"ఇప్పుడన్నారుగా. ఆయన రానీండి. నేను చెబుతాను. మీరు మాట తప్పినట్టు కాకుండా నేనే సర్దుతాను. ముందు ఆ వాక్యం రాసేయండి."

టైలరు పెన్ను తీసుకున్నాడు. మూత తీశాడు. అంతవరకే.

*

మూడుంబావుకి వీధిలో బండి ఆగింది. వెనక కటకటాలున్న చిన్న వ్యాను. బావగారే తోలుకుని వచ్చారు. ఇటుక దుమ్ము పట్టిన చెప్పులతో లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోలేదు.

"తొందరగా కానీండమ్మా. మాంసం కొట్టువాడు ఐదింటికి మూసేస్తానన్నాడు."

నర్సమ్మ చేతిలో నీళ్ళ గ్లాసు అలాగే ఉండిపోయింది. "మాంసం కొట్టేమిటి బావగారూ?"

"మరి? ఇంటికి తీసుకెళ్ళి ముద్దు పెట్టుకోమంటావా? పెట్టలేకే కదమ్మా వాటికి ఆ గతి పట్టింది. కాపలావాడు పారిపోయాడు, నాకు మోకాళ్ళు పట్టేశాయి, ఇవాళ వెళ్దాం రేపు వెళ్దాం అనుకుంటూనే అయిపోయింది. తప్పు నాదే, కాదనను. అలాంటివాడి దగ్గరికి మళ్ళీ పంపుతారా ఎవరైనా?"

"కేసు మాఫీ అవుతుందని మీరే అడిగారట కదా."

"ఎవర్ని?"

"మీ తమ్ముణ్ణి."

బావగారు తమ్ముడి వైపు చూశారు. ఆయన మొహంలో ఉన్నది బుకాయింపు కాదు, నిఖార్సైన ఆశ్చర్యం. పెంకితనం, బద్ధకం, నోటి దురుసు, ఆయనలో లేని అవగుణం లేదు గాని, నటన మాత్రం ఆయన వల్లకాదు.

"నేనా? నేనేం అడిగానురా? పది రోజుల్నించీ రోజూ ఫోను చేసి తీసుకుపో అన్నయ్యా తీసుకుపో అన్నయ్యా అని ప్రాణం తీసింది నువ్వు కదా. నాకొద్దురా బాబూ, తీసుకెళ్ళి ఏం చేసుకోను అంటే, అది నీ ఇష్టం అన్నావు. కాగితం సంగతి నేను చూసుకుంటానన్నావు. చెప్పరా."

టైలరు మెడలో టేపు తీసి వేలికి చుట్టుకోవడం మొదలుపెట్టాడు.

బావగారికి పరిస్థితి కొంచెం ఆలస్యంగా అర్థమయింది. అర్థమయ్యాక మాత్రం తొందరగా కదిలారు. "నేను బండిలో కూర్చుంటాను," అని బయటికి వెళ్ళిపోయారు.

నర్సమ్మ గ్లాసు కింద పెట్టింది. ఆమె బాధ అక్షరాలు మింగినందుకు కాదు. ఆ అబద్ధాన్ని ఆమె ఇందాకే సగం క్షమించింది. తండ్రి పోయిన తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి, చదువు మానేసిన అన్నగారిని, ఆ ఇంట్లో అందరికీ పవిత్రమైన కథని, తనని మెత్తబరచడానికి వాడుకున్నాడే, అదీ ఆమెని కోసేసింది.

"అది నీ ఇష్టం అన్నారా?" అని అడిగింది నెమ్మదిగా. "పీలికని కూడానా? బరువు చూసి, కత్తిరించిన గుడ్డముక్కలా ఉందని నవ్వి, పీలిక అని పేరు పెట్టింది మీరే."

"నాకు నా ఇల్లు కావాలి," అన్నాడు టైలరు.

ఒకసారి బయటపడ్డాక ఇక ఆగలేదు.

"నలభై రోజులు. పెరట్లో మంచం వేసుకున్నావు. తలుపు తీస్తే మేక, కిటికీ తీస్తే మేక. ఆదివారం రిపోర్టు రాయడానికి పిలుస్తావు. మిగతా ఆరు రోజులూ నేనున్నానో లేనో నీకు పట్టదు. కుట్టిచ్చిన కోటుకి వాసనేస్తోందని ఇద్దరు తిరిగి తెచ్చిచ్చారు. తెలుసా నీకు?"

"తెలీదు. చెప్పలేదు."

"ఏమని చెప్పను? వీధి వీధంతా నిన్ను మెచ్చుకుంటోంది. మీ ఆవిడ చెయ్యి చల్లని చెయ్యండీ అని నాతోనే అంటారు. మంచిపని చేస్తున్నదానితో పోట్లాట ఎలా పెట్టుకోను? నోరెత్తితే చెడ్డవాణ్ణి నేనేగా."

"అందుకని నోరెత్తకుండానే చెడ్డవారయ్యారు."

అతను తల దించుకున్నాడు.

"నాకిష్టం లేదు, వీటిని పంపేయి అనుంటే పోట్లాడేదాన్ని," అంది నర్సమ్మ. "ఏడ్చేదాన్ని. రెండ్రోజులు మాట్లాడేదాన్ని కాదు. మూడోరోజు వేరే చోటు వెతికేదాన్ని. మీరు నాకు ఆ పోట్లాట కూడా మిగల్చలేదు. నా చేతే సంతకం పెట్టించారు. నా చేతే వాటిని కొట్టుకి తోలించబోయారు."

"కొట్టు సంగతి నాకు తెలీదు."

"తెలుసుకోవాలనుకోలేదు."

గోడ గడియారం తన పని తను చేసుకుపోతోంది. మూడూ ముప్ఫై అయిదు.

"ఆ వాక్యం రాస్తారా, రాయరా?"

టైలరు మూత తీసిన పెన్నుకి మళ్ళీ మూత పెట్టాడు. అదే జవాబు.

నర్సమ్మ కాగితం తన వైపు లాక్కుంది.

ఆమెకి తెలుసు. నిజం రాస్తే మేకలు మాంసం కొట్టుకి పోవు గాని తన దగ్గరా ఉండవు. పెద్ద కొట్టంలో నలభై పశువులకి ఒక మనిషి. ఆ మనిషికి పీలిక కడుపు కింద గుడ్డ వేసి ఎత్తే తీరిక ఉండదు. అది వారం బతికితే గొప్ప. అయినా మాంసం కొట్టుకంటే నయం. మిగతా పదీ బతుకుతాయి.

మిషను బల్లమీద మోచెయ్యి ఆన్చి, ఎప్పుడో వార్డులో రాసినట్టు గబగబా రాసింది. మూడు వాక్యాలు.

*

డాక్టరమ్మ చేతులింకా తడిగానే ఉన్నాయి. ఆవు ఈనింది, తల్లీ దూడా బాగున్నాయట. ఆ సంతోషంతోనే లోపలికి వచ్చి, కాగితం అందుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. దూరంగా పెట్టుకుంది. తలకిందులుగా పట్టుకున్నానేమోనని ఒకసారి తిప్పి చూసింది.

"ఇది మీరు రాశారా నర్సమ్మగారూ?"

"నేనే."

"ఏమనుకోకండి. ఇందులో మీ సంతకం తప్ప నాకేదీ తెలియడం లేదు." టైలరు వైపు తిరిగింది. "మీరు చదవగలరట కదా. కొంచెం చదివి వినిపించండి, ఆఫీసుకి ఫోను చేసి చెప్పేస్తాను."

టైలరు కాగితం తీసుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు, ఆదివారాలు సవరించుకున్నట్టే.

"ఆదివారం రిపోర్టులో మేకలు కోలుకున్నాయని ఉన్నది నిజం కాదు. నేను చదవకుండా సంతకం పెట్టాను."

అక్కడికి రెండు వాక్యాలు. రెండూ ఉన్నవి ఉన్నట్టు చదివాడు. మూడో వాక్యం దగ్గర ఆగాడు. నర్సమ్మ అతన్నే చూస్తోంది. మా ఆయన కావాలనే అలా రాశారు. ఆమె రాసింది అది. అక్షరాలు ఎంత నిద్రపోయినా ఆ రాత అతనికి అర్థం కాకపోవడమనేది లేదు.

"మా ఆయన," అన్నాడు టైలరు. కాగితం కాస్త దగ్గరికి పట్టుకున్నాడు. "మా ఆయన పొరపాటున అలా రాశారు."

ఆమె ఎదురుగా నిలబడి ఉండగా, ఆమె రాసిన కాగితాన్ని, ఆమెకే మార్చి చదివాడు.

"హమ్మయ్య," అంది డాక్టరమ్మ. "అంతేనా నర్సమ్మగారూ? పొరపాటేనా?"

నర్సమ్మ మొగుడి వైపు తిరిగింది. టైలరు తలెత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. పరాయి మనిషి ముందు తలవంపులు పడలేక మేకల్ని కూడా భరించడానికి సిద్ధపడ్డాడని ఆమెకి అర్థమయింది. ఇంకొకటి కూడా అర్థమయింది. కాదు అంటే పెద్ద కొట్టం, అవును అంటే పీలిక. తను ఏమంటుందో అతనికి ముందే తెలుసు. ముప్ఫై ఏళ్ళలో నేర్చుకున్నది చేతిరాత ఒక్కటే కాదు, ఆమె మనసు కూడా. దాన్ని ఇన్నాళ్ళూ ప్రేమ అనుకుంది. ఈ పూట అదే అతనికి పనిముట్టయింది.

"అవునండీ," అంది. "ఆయన చదివినట్టే."

"అయితే రాసినాయన కూడా కింద సంతకం పెట్టేయాలి."

"నేను మంచి రాతలో ఇంకోటి రాసిస్తాను," అన్నాడు టైలరు తొందరగా.

"అక్కర్లేదు," అంది నర్సమ్మ. "ఇందులోనే పెట్టండి."

డాక్టరమ్మ పెన్ను అందించింది. తప్పించుకునే దారి లేదు. కావాలనే అన్న మాటకి అంగుళం కింద, టైలరు తన గుండ్రటి అక్షరాలతో పొందిగ్గా సంతకం పెట్టాడు. ఆ కాగితాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, ఫోనులో ఆఫీసరుగారితో మాట్లాడుతూ డాక్టరమ్మ వెళ్ళిపోయింది. పశువుల ఆఫీసు బీరువాలో ఇకమీదట ఒక నిజం పడి ఉంటుంది. దాన్ని చదవగలిగేవాళ్ళు లోకంలో ఇద్దరే.

తలుపు మూసుకోగానే టైలరు పొడుగ్గా ఊపిరి వదిలాడు. మొహంలో కొంచెం రంగు కూడా వచ్చింది.

"పోనీలే, సర్దుకుంది," అన్నాడు. "నీ మేకలు నీకున్నాయి. ఇంకా మొహం అలా పెడతావేం? టీ పెట్టనా?"

నర్సమ్మ లోపలి గదిలోకి వెళ్ళింది. టీ కోసమే అనుకున్నాడేమో, వెనకాలే వచ్చాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళలేదు. దండెం మీంచి అతని చొక్కాలు రెండు, ప్యాంటు ఒకటి, తువ్వాలు తీసింది. ఇస్త్రీ మడతలు చెదరకుండా సంచిలో పెట్టింది. మేకలకి గడ్డి కోసే సమయం అవుతోందని తొందరపడే మనిషి, ఆ నాలుగు గుడ్డలూ సర్దడానికి మాత్రం తీరిగ్గా సమయం తీసుకుంది.

"ఏమిటిది?"

ఆమె సంచి తెచ్చి అతని చేతికిచ్చింది.

బయట బావగారు బండి స్టార్టు చేసి, ఇంతకీ మేకలొస్తున్నాయా లేదా అన్నట్టు ఒకసారి హారను కొట్టారు.

"మీ అన్నయ్యగారి బండి ఖాళీగా పోతోంది," అంది నర్సమ్మ. "ఎక్కండి."